సమస్య: «తుప్పు పట్టినదని మెప్పు వచ్చె»

ఆటవెలదిలో నాలుగో పాదం ఇస్తున్నాను. మొదటి మూడు పాదాలు మీవి. తుప్పు, మెప్పు అన్న మాటల్లో రెండో అక్షరం ఒకటే కావడంతో ప్రాసయతి కుదిరింది కనుక పాదం నిర్దుష్టమే.

ఈసారి ఒక నియమం ఉంది. పాత సైకిలు, తాతగారి ట్రంకుపెట్టె వద్దు. బల్లమీద ఆడే యుద్ధక్రీడ కోసం ముక్కలు అతికించి, రంగులు వేసి, కావాలనే పాతబడినట్టు చేసే చిన్న యుద్ధశకటం (ట్యాంకు) గురించే పూరణ ఉండాలి. రెండు నెలలుగా నా బల్లమీద ఉన్నది సోవియట్ టీ-34, అందులోనూ 76 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న రకం. కొలత 1/56. అసలు బండి పొట్ట ఆరు మీటర్లకు కాస్త తక్కువ పొడవు. నా చేతిలో అది పదిన్నర సెంటీమీటర్లు. 1943 జులైలో కుర్స్క్ యుద్ధంలో, ప్రోఖొరోవ్కా దగ్గర పోరాడిన బండిలా దాన్ని తయారు చేయాలని నా కోరిక.

ఇంట్లో గేటుకు తుప్పు పడితే తిట్లు తప్పవు. ఇక్కడ మెప్పు ఎందుకు వచ్చిందో మూడు పాదాల్లో చెప్పాలి. గణాలు, యతి చూస్తాను. అంతకంటే ముందు, తుప్పు ఎక్కడ పట్టింది, ఎందుకు పట్టింది అని చూస్తాను.

మొదటి పూరణ (వరంగల్ మాస్టారు)

ప్లాస్టికైన బండి బల్లపై నిల్పితి
రంగు పూసి పూసి రాత్రి గడిపి
స్పాంజి ముంచి యద్ది చక్రాల యంచుల
తుప్పు పట్టినదని మెప్పు వచ్చె

నిర్వాహకుని మాట

మాస్టారూ, నడక హాయిగా ఉంది. ప్లాస్టిక్కుకు తుప్పేమిటన్న ప్రశ్న మొదటి మాటలోనే పుట్టింది. సమస్యకు అదే సరైన ప్రవేశం. మూడో పాదంలో స్పాంజి, చక్రాల అన్న చోట సకారానికి, చకారానికి మైత్రి చెల్లింది. స్పాంజి సంగతి కూడా నిజం. చిరిగిన స్పాంజి ముక్కను ముదురు గోధుమ రంగులో ముంచి, కాగితంమీద చాలావరకు తుడిచేసి, అప్పుడు అద్దితే పెచ్చులు లేచినట్టు వస్తుంది. కుంచెతో చుక్కలు పెడితే ఎంత జాగ్రత్తపడినా వరుసలు కడతాయి. స్పాంజికి వరుస తెలియదు.

అభ్యంతరం ఒక్కటే, అయితే పెద్దది. టీ-34కు ఒక్కో వైపు అయిదు పెద్ద చక్రాలు. వాటి అంచులకు రబ్బరు తొడుగు ఉంటుంది. రబ్బరుకు తుప్పు పట్టదు కదా! పద్యం తుప్పును పట్టరాని చోట పట్టించింది.

వరంగల్ మాస్టారు

నా దగ్గరున్నది 1942 నమూనా. రబ్బరు కొరత వచ్చినప్పుడు ఉక్కు అంచులతో చేసిన చక్రాలు. రబ్బరు లోపలి భాగంలో మాత్రమే ఉంటుంది. కనుక చక్రాల అంచులని తెలిసే రాశాను.

నిర్వాహకుడు

అలాగైతే అభ్యంతరంలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం ఇది. తిరిగే బండిలో ఆ ఉక్కు అంచు, చక్రాలను చుట్టి ఉండే ఉక్కు చైను లోపలి వైపున నిరంతరం రాసుకుంటుంది. అక్కడ తుప్పు నిలవదు, మెరుపు నిలుస్తుంది. మెత్తటి పెన్సిలుతో రుద్దితే ఆ మెరుపు చక్కగా వస్తుంది. వారాల తరబడి కదలని బండి అయితేనే అంచున తుప్పు. మూడో పాదాన్ని ఇలా మార్చి చూడండి:

స్పాంజి ముంచి యద్ది చైనుల పైపైన

ఐకారానికి ఆకారంతో మైత్రి ఉంది కనుక యతి నిలిచింది. ఈ చైను ముక్కలు మాంగనీసు కలిపిన ఉక్కుతో పోత పోసినవి. నేలను తాకే గట్లు మెరుస్తాయి, గుంటల్లో ముదురు గోధుమ రంగు నిలుస్తుంది. తుప్పుకు అది తగిన ఇల్లు.

రెండో పూరణ (విశాఖపట్నం సభ్యురాలు)

ఉప్పు చల్లి దాని యొడలిపై రంగిడి
యారినంతఁ గుంచె నదిమి రుద్ది
యుప్పు రాలి యడుగునున్న రంగును జూచి
తుప్పు పట్టినదని మెప్పు వచ్చె

వివరణ: ముందు బండి అంతటికీ తుప్పు రంగు వేసి, వార్నిష్ పూసి ఆరబెట్టాను. తడి చేసి ఉప్పు చల్లాను. అది ఆరి అంటుకున్నాక పైన పచ్చరంగు చిమ్మాను. తర్వాత కుంచెతో ఉప్పు రాల్చితే, ఉప్పు ఉన్న చోటల్లా కింది రంగు బయటపడింది. మా ఊళ్లో ఉప్పుగాలే ఇనుమును తింటుంది. బొమ్మకూ ఉప్పుతోనే తుప్పు తెప్పించడం నాకు ముచ్చటగా తోచింది.

నిర్వాహకుని మాట

అమ్మా, ఈ పద్యాన్ని మూడుసార్లు చదివాను. ఉప్పు రెండుసార్లు వచ్చి నాలుగో పాదంలోని తుప్పును, మెప్పును తనవైపు లాగేసుకుంది. ఇచ్చిన పాదం మీరే రాసుకున్నట్టుగా ఉంది. సమస్యాపూరణంలో నేను వెతికేది ఇదే. అతుకు కనబడకూడదు. బండిమీద జిగురు గీత కనబడకూడదు, పద్యంలో మూడో పాదానికీ నాలుగో పాదానికీ నడుమ సందు కనబడకూడదు.

పనిలో రెండు సూచనలు. 1/56 కొలతలో కల్లుప్పు పలుకులు మరీ పెద్దవి. రెండు మిల్లీమీటర్ల పలుకు రాలిన చోటు అసలు బండిమీద పదకొండు సెంటీమీటర్ల పెచ్చు అవుతుంది. మెత్తటి ఉప్పులో అక్కడక్కడ నాలుగు పలుకులు కలిపితే చాలు. రెండోది, ఒంటి నిండా చల్లకండి. సిబ్బంది ఎక్కి దిగే చోట, మూతల అంచున, ముందు పలక మూలల్లో రంగు ముందుగా లేస్తుంది. యుద్ధంలో ఆ బండ్లకు ఆయుష్షు తక్కువ. ఏళ్ల తుప్పు పట్టేంతవరకు చాలావాటిని బతకనివ్వలేదు.

విశాఖపట్నం సభ్యురాలు

ఒప్పుకుంటున్నాను. నేనూ ఒకటి చెప్పాలి. చేపల రేవులో పడవలను గమనిస్తూ ఉంటాను. తుప్పు మచ్చగా ఆగదు, బోల్టు నుంచి కిందికి చారగా కారుతుంది. పైన ముదురుగా, కిందికి పోయే కొద్దీ పలచగా ఉంటుంది. చాలామంది బొమ్మలమీద తుప్పు చుక్కలే పెడతారు, చార గీయరు. వాన ఎటు జారుతుందో బండి మనకు చెప్పాలి.

మూడో పూరణ (ఇంజినీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థి, గుంటూరు)

పద్యం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే దిద్దండి.

టీ ముప్పైనాలుగు కిట్టు తెచ్చి అతికించి
పచ్చ రంగు వేసి బంకమట్టి
పొడిని గలిపి పూయ బొమ్మనుఁ జూడఁగా
తుప్పు పట్టినదని మెప్పు వచ్చె

నిర్వాహకుని మాట

నాయనా, మొదటి పద్యంలోనే రెండో పాదం, మూడో పాదం శుద్ధంగా వచ్చాయి. చాలా సంతోషం. మొదటి పాదం చూద్దాం. ఆటవెలది ఒకటో పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు రావాలి. ‘టీ’ గురువు. ‘ము’ తర్వాత ద్విత్వం ఉంది కనుక అదీ గురువే. సూర్యగణమంటే గురువు, లఘువు లేదా మూడు లఘువులు కనుక, రెండు గురువులతో మొదలైతే అది కుదరదు. ‘తెచ్చి అతికించి’ అన్నచోట సంధి కూడా వదిలేశావు.

బండి పేరు వదులుకోవాలని లేదు. అంకెను విడదీస్తే మూడు సూర్యగణాలు వాటంతట అవే వస్తాయి:

ముప్పదియును నాల్గు ముద్దుగా నతికించి

ముప్ప, దియును, నాల్గు. చూశావా, యతి కూడా ముకారానికి ముకారమే.

ఇక అన్వయం. నువ్వు పూసింది బంకమట్టి, మెప్పు వచ్చింది తుప్పుకు. మట్టి పనితనాన్ని చూసి తుప్పు బాగుందన్నారంటే మెచ్చినవారు పొరబడ్డారని అర్థం వస్తుంది. నీ ఉద్దేశం అది కాదు కదా. పైగా నీ బండి ఏ నెలది? కుర్స్క్ ప్రాంతంలో నేల నల్లగా ఉంటుంది. వసంతంలో మంచు కరిగినప్పుడూ శరదృతువు వానల్లోనూ మోకాలిలోతు బురద. జులైలో ఎండిన దారులమీద మాత్రం లేచేది దుమ్ము. అప్పుడు చక్రాల దగ్గర, వెనుక పలకమీద పలచని పొడి ఉండాలి. నెల తేల్చుకున్నాకే మట్టి కలపాలి.

గుంటూరు విద్యార్థి

మట్టికి బదులు మా ఇంటి వెనుక పాత ఇటుక ఉంది. దాన్ని నూరి గుడ్డలో జల్లిస్తే వచ్చే పొడి అచ్చం తుప్పు రంగే. ఇలా మార్చవచ్చా?

ముప్పదియును నాల్గు ముద్దుగా నతికించి
పచ్చ రంగు వేసి పాత యిటుక
పొడిని గలిపి పూయ బొమ్మనుఁ జూడఁగా
తుప్పు పట్టినదని మెప్పు వచ్చె

వరంగల్ మాస్టారు

శభాష్! రెండు మాటలు మారాయి, పద్యం నిలబడింది. బాబూ, ఒక జాగ్రత్త. ఇది అద్దాల బీరువాలో పెట్టే బొమ్మ కాదు, ఆటలో వంద సార్లు చేత్తో ఎత్తి జరిపే బొమ్మ. పొడిని ఊరికే చల్లితే రెండో ఆటకు అవతలివాడి వేళ్లమీద ఉంటుంది. మెరుపు లేని వార్నిష్‌ను దూరం నుంచి పలచగా రెండుసార్లు చిమ్ము. ఒక్కసారిగా తడిపితే పొడి రంగు ముదిరి, వేసిన శ్రమంతా మాయమవుతుంది. అతికించే ముందు ముక్కలను సబ్బునీళ్లతో కడిగావా? అచ్చులో వాడే నూనె మిగిలి ఉంటే రంగు పట్టదు.

గుంటూరు విద్యార్థి

కడగలేదండీ. తోకవైపు రంగు ఎందుకు ఊడుతోందో ఇప్పుడు అర్థమైంది.

నాలుగో పూరణ (ఒంగోలు సభ్యుడు)

కాలిపోయినట్టి కవచంబు నిలిపితి
ఆటబల్ల మీద నడ్డుగాను
మసియు నెఱుపు కలసి మంటకు గుర్తుగా
తుప్పు పట్టినదని మెప్పు వచ్చె

నిర్వాహకుని మాట

ఈ వారం పూరణల్లో నా మనసు దోచింది ఇది. మిగిలినవాళ్లం బతికున్న బండికి తుప్పు ఎలా పట్టించాలా అని ఆలోచించాం. వీరు చచ్చిన బండిని తెచ్చారు. ఆటలో దెబ్బతిన్న బండిని బల్లమీదే వదిలేస్తాం. అది తర్వాత వచ్చేవాళ్లకు చాటు, దారికి అడ్డు. ‘అడ్డుగాను’ అన్న ఒక్క మాటలో ఆట నియమం మొత్తం ఉంది.

తుప్పుకు కారణమూ పద్యంలోనే ఉంది. మంటలో రంగు కాలిపోతుంది, ఉక్కు నగ్నంగా మిగులుతుంది. దానిమీద మంచు, వాన పడితే కొద్ది రోజుల్లోనే నారింజ రంగు తుప్పు తేలుతుంది. ఏళ్లు అక్కర్లేదు. ఇలాంటి బండిలో చక్రాల రబ్బరు కూడా కాలిపోతుంది. మాస్టారూ, మీ ‘చక్రాల యంచుల’ తుప్పుకు తిరుగులేని స్థానం ఇక్కడ దొరికింది! బూడిద తెలుపు చక్రాల కింద, మసి మూతల పైన, నారింజ పలకలమీద. వేడికి స్ప్రింగులు పట్టు తప్పి బండి కాస్త కుంగి ఉంటుంది కనుక, కింద అతికించేటప్పుడే ఒక వైపు వంచండి.

ఛందస్సులో పట్టడానికి ఏమీ లేదు. రెండో పాదం చివర ‘గాను’ పాదపూరణంలా కాస్త బరువు తగ్గింది. అంతే.

ఒంగోలు సభ్యుడు

‘గాను’ విషయం నిజమే, రాసేటప్పుడే గుచ్చుకుంది. బండి సంగతి చెబుతాను. దాన్ని కావాలని కాల్చలేదు. ముందు పలక సరిగ్గా అతకక సందు మిగిలింది. పుట్టీతో పూడ్చబోయి పలక గీతలన్నీ పోగొట్టాను. పారేయడానికి మనసొప్పలేదు. ఫిరంగి గూడును పక్కకు జరిపి, సందును పేలుడు చీలికగా మార్చాను.

విశాఖపట్నం సభ్యురాలు

అందుకే ఆ పద్యంలో మంట కనిపించింది. నిర్వాహకులు మా అందరివీ దిద్దారు. మీ పూరణ ఏది?

నిర్వాహకుని పూరణ

పొగలు చిమ్ము రెండు పొట్టి గొట్టములకు
కుంకుమయును మసియుఁ గుంచె నద్ది
తక్కినట్టి యొడలు దాఁకక విడిచితి
తుప్పు పట్టినదని మెప్పు వచ్చె

టీ-34 వెనుక పలకలో రెండు గుండ్రటి పొగగొట్టాలు ఉంటాయి. డీజిల్ ఇంజను వేడికి వాటిమీద రంగు నిలవదు. నడిచే బండిలో తుప్పుకు నిజంగా హక్కున్న చోట్లలో అది మొదటిది. అక్కడే పెట్టి, కుంచె కడిగేశాను.

వరంగల్ మాస్టారు

‘పొట్టిగొ’, ‘ట్టములకు’ అని గణం మాట మధ్యలో విరిగినా చెవికి తెలియలేదు. కానీ కుంకుమ మరీ ఎరుపు కాదా?

నిర్వాహకుడు

ఒక్క కుంకుమైతే ఎరుపే. అందుకే పక్కన మసి పెట్టాను. గొట్టం మొదట్లో కుంకుమ ఎక్కువ, పొగ వచ్చే కొనలో మసి ఎక్కువ.

విశాఖపట్నం సభ్యురాలు

‘తక్కిన ఒడలు తాకక విడిచితి’ అంటే జులై దుమ్ము కూడా వేయలేదనా?

నిర్వాహకుడు

తుప్పు వరకే ఆ మాట. దుమ్ము నిన్న రాత్రి వేశాను, వెనుక పలకకూ చక్రాల పైభాగానికీ. చైను గట్లమీద పెన్సిలు రుద్దడం మిగిలి ఉంది. గుంటూరు తమ్ముడు బండిని కడిగి మళ్లీ రంగు వేస్తానన్నాడు. అతని రెండో పద్యం కోసం గడువు ఆదివారం రాత్రి వరకు పొడిగిస్తున్నాను.