చెరకు తోటలో అడవిపిల్లి కూనలు దొరికాయి, ఏ పాలు పట్టాలి?

ఉయ్యూరు రైతు: చెరకు కొట్టిస్తుంటే మూడు అడవిపిల్లి కూనలు బయటపడ్డాయి. ఇంకా కళ్లు తెరవలేదు. కూలీలు తట్టలో పెట్టి ఇంటికి తెచ్చేశారు. ఫారెస్టు వాళ్లు పొద్దున్నే వస్తామన్నారు. ఇంట్లో గేదె పాలున్నాయి, నీళ్లు కలిపి పట్టొచ్చా?

పిల్లులమ్మ: నీళ్లు మాత్రం కలపకండి! పిల్లి పాలలో ప్రోటీన్ దాదాపు 7 శాతం. గేదె పాలలో వెన్న బాగానే ఉన్నా ప్రోటీన్ 4 దగ్గరే ఆగిపోతుంది. మా వీధిలో ఒకాయన పల్చటి పాలు పట్టి పట్టి ఒక కూన ప్రాణం తీశాడు. పొట్ట నిండుగానే ఉండేది, వెన్నెముక మాత్రం వేలికి తగిలేది.

మేకలబండ: మేకపాలు పట్టండి అన్నా. మా నాయన కాలం నుంచి ఏ కూన దొరికినా అవే. కూనల కోసమని అమ్మే పాల పౌడర్లన్నీ కంపెనీల వ్యాపారం.

జూడాక్టరు: జూలో పులి, చిరుత కూనల్ని చేతుల మీద పెంచి రిటైరైనవాణ్ణి, అందుకే చెబుతున్నాను. మేకపాలలో ప్రోటీన్ 3.5 శాతం. టారిన్ అనే అమైనో ఆమ్లం ఆవు పాలకంటే ఎక్కువే, కానీ పిల్లికూనకి అది చాలదు. పిల్లిజాతి ఒంట్లో టారిన్ చాలినంత తయారు కాదు. అది తగ్గితే కంటి రెటీనా పోతుందని 1975లో, గుండె కండరం సాగిపోతుందని 1987లో తేలింది. అర్జినైన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తగ్గితే కంట్లో శుక్లాలు. పిల్లికూనల కోసమే చేసిన పాల పౌడర్లుంటాయి, కేఎంఆర్ గానీ, బేబీక్యాట్ మిల్క్ గానీ తెప్పించండి.

మేకలబండ: డాక్టరుగారూ, రాత్రి తొమ్మిదింటికి పల్లెలో ఆ డబ్బా ఎక్కడ దొరుకుతుందో మీరే చెప్పండి. ఏసీ గదిలో కూర్చుని ఏదైనా చెప్పొచ్చు.

జూడాక్టరు: ఏసీ గది కాదు బాబూ, రాత్రంతా రెండు గంటలకోసారి లేచి పాలు పట్టిన చేతులివి. ఒక్క పూటకి మేకపాలు తప్పు కాదు. వారాల తరబడి అవే పట్టడం తప్పు. మా నాయన, మీ నాయన అని వాదిస్తే కూనకి పోయిన చూపు మళ్లీ రాదు.

పిల్లులమ్మ: పాల గొడవ సరే, వెచ్చదనం సంగతి ఎవరూ ఎత్తరేం? చల్లబడ్డ కూనకి ఏ పాలు పట్టినా అరగవు. ముందు వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. పట్టేటప్పుడు బోర్లా ఉంచండి. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పట్టాక తడి దూదితో కింద నిమిరితేనే ఒంటికి పోస్తాయి.

నల్లమల నేస్తం: అసలు ఇంటికెందుకు తెచ్చారండీ? తల్లి కూనల్ని ఒక్కొక్కటిగా మార్చుకుంటుంది, మనుషులుంటే దగ్గరికి రాదు. మహారాష్ట్రలో జున్నర్ వైపు చెరకు తోటల్లో దొరికిన చిరుత కూనల్ని పెట్టెలో పెట్టి అక్కడే వదిలితే తల్లులే వచ్చి తీసుకెళ్తున్నాయి. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర దొరికిన నాలుగు పులికూనల్ని తల్లి టీ-108 దగ్గరికి చేర్చాలని ఎంత తిరిగారో! కుదరకే తిరుపతి జూకి పంపారు. మనిషి పట్టే పాలు ఆఖరి దారి.

ఉయ్యూరు రైతు: ఫారెస్టాయనకి మళ్లీ ఫోన్ చేశాను. కోత ఆపి, తట్టని అదే గట్టు మీద పెట్టి దూరంగా ఉండమన్నారు. కూనలు వెచ్చగానే ఉన్నాయి, వెళ్తున్నాం.

మేకలబండ: మంచిపని అన్నా. మేకపాలు మాత్రం మంచివే.

కోరింగ కుర్రాడు: డాక్టరుగారూ, పాలు మాన్పించేటప్పుడు ఎముక లేని కోడిమాంసం చాలదంటారు, ఎందుకు? బావురుపిల్లి కూనకి ఉత్త చేపలు పెట్టొచ్చా?

జూడాక్టరు: ఉత్త మాంసంలో భాస్వరమే తప్ప కాల్షియం పెద్దగా ఉండదు, కాళ్లు వంకర్లు పోతాయి. ఎముకతో సహా పెట్టాలి. కొన్ని పచ్చి చేపలు బీ1 విటమిన్‌ని తినేస్తాయి, కాబట్టి చేపలొక్కటే వద్దు. ఇంతకీ ఆ కూన ఎవరి దగ్గరుంది? ఇంట్లో పెట్టుకుంటే కేసవుతుంది, ముందు అది చెప్పు.