క్యాంపస్‌లో తడి, పొడి చెత్త వేరు చేయమంటే ఇంత గొడవెందుకు?

స్కాలర్_తార్నాక:
మా యూనివర్సిటీ హాస్టళ్లలో వచ్చే నెల నుంచి ఫ్లోర్‌కు మూడు డబ్బాలు పెడతారట. తడి, పొడి, ప్రమాదకరమైనవి. పొడి చెత్తను ఒక ప్రైవేటు ఏజెన్సీకి ఇస్తారు. మద్దతుగా సంతకాలు సేకరిస్తున్నాం, సగం మంది ‘మాకెందుకీ పని’ అంటున్నారు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు: రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చే సంస్థ ఏదైనా పెద్ద ఉత్పత్తిదారు కింద లెక్క. పుట్టిన చోటే వేరు చేయాలి, తడి చెత్తను వీలైనంత వరకు ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చాలి. వేల మంది తినే క్యాంపస్ దీన్ని ఎలా తప్పించుకుంటుంది?

మెస్_కన్వీనర్:
నేను సంతకం పెట్టలేదు, పెట్టను. ఇంతకుముందు కూడా ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా అన్నారు. రెండూ మెస్ వెనక గేటు దగ్గర ఒకే ట్రాక్టర్‌లో బోర్లిస్తారు. కళ్లారా చూశాను. మేం వేరు చేసి ఏం లాభం?

చాయ్_కార్నర్:
నేనూ చూశా. ఒకే బండి.

స్కాలర్_తార్నాక:
బండి కలిపేస్తుంటే బండి సంగతి అడగాలి. పరీక్షలయ్యాక మా ఫ్లోర్ చూడండి, గది గదికీ బస్తాల కొద్దీ నోట్సులు, జిరాక్స్‌లు. వాటి మీదే ఎవరో మిగిలిన సాంబారు కవరు విసిరేస్తారు. పొడిగా ఉంటే అది మిల్లుకు పోయే సరుకు. సాంబారులో నానితే పాత పేపర్లు కొనేవాడు ముట్టుకోడు. బాటిళ్లూ అంతే, శుభ్రంగా ఉంటే పాలిస్టర్ దారం అవుతాయి.

ఫైనలియర్_హాస్టల్:
ముందు ఇది చెప్పండి, టీ తాగిన పేపర్ కప్పు ఏ డబ్బాలో వేయాలి?

స్కాలర్_తార్నాక:
పొడి డబ్బాలో. లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి మామూలు కాగితంతో కలిపి తీసుకోరు. క్యాంటీన్‌లో స్టీల్ గ్లాసులు పెట్టమనాలి.

ఫైనలియర్_హాస్టల్:
అంటే పొడి డబ్బాలో వేసినా పనికిరాదన్నమాట. మరి వేయడం ఎందుకు?

చాయ్_కార్నర్:
స్టీల్ గ్లాసులు ఎవరు కడుగుతారు?

దమ్మాయిగూడ_వాసి:
పేపర్ కప్పు దగ్గరే ఆగిపోయారు మీరు. హైదరాబాద్ నగరం చెత్త వచ్చేది మా పక్కనున్న జవహర్‌నగర్ యార్డుకు. పాత చెత్త గుట్టను పైనుంచి కప్పేశారు, చెత్తతో కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. అయినా వాన పడితే కిటికీ తెరవలేం. గుట్టలోంచి కారిన నల్లనీళ్లతో మల్కారం చెరువు పాడైంది. మా అక్కను చూడటానికి వచ్చినవాళ్లు కారు దిగుతూనే ముక్కు మూసుకున్నారు, ఆ సంబంధం అక్కడితో ఆగింది. మీ మెస్‌లో పారేసిన అన్నం గుట్ట అడుగున గాలి ఆడక కుళ్లి మీథేన్ అవుతుంది. గేటు దాటాక ఆ చెత్త మీకు కనబడదు, మాకు కనబడుతుంది.

మెస్_కన్వీనర్:
మీ బాధ నిజమే అన్నా. కానీ మళ్లీ అక్కడికే వస్తున్నా. ట్రాక్టర్ ఒక్కటే. అది మారనిదే ఏదీ మారదు.

స్కాలర్_తార్నాక:
మెస్‌లో మిగిలిన అన్నం అసలు ట్రాక్టర్ ఎందుకు ఎక్కాలి? క్యాంపస్‌లో ఇంత ఖాళీ జాగా ఉంది. ఎండుటాకులు ఒక పొర, మెస్ చెత్త ఒక పొర వేస్తే ఎరువవుతుంది. ఆకులేమో పోగేసి తగలబెడుతున్నారు. కన్వీనర్‌గా ముందుండాల్సిన మీరే అడ్డు. బద్ధకానికి బండి ఒక సాకు.

మెస్_కన్వీనర్:
బద్ధకం అనే మాట వెనక్కి తీసుకోండి. తెల్లారకముందే మెస్‌లో ఉండేవాణ్ని నేను. అసలు సంగతి చెప్తా వినండి. నా పేచీ ఏజెన్సీతో. ఊడ్చే అక్కలు రోజూ డబ్బాలు కెలికి బాటిళ్లు, అట్టపెట్టెలు ఏరి కబాడీకి వేస్తారు. ఆ డబ్బు చీటీకో, పిల్లల ఆటోకో పోతుంది. కాంట్రాక్టు జీతం ఏ తేదీకి పడుతుందో వాళ్లకే తెలియదు. రేపు ఏజెన్సీ వచ్చాక అదే బాటిల్ తీస్తే దొంగతనం అంటారు.

స్కాలర్_తార్నాక:
ఇది మొదటే ఎందుకు చెప్పలేదు?

మెస్_కన్వీనర్:
చెప్తే, పేదవాళ్ల పేరు చెప్పి పని ఎగ్గొడుతున్నాడంటారు.

ఉప్పల్_డిగ్రీ:
మా అమ్మ ఒక హాస్టల్‌లో ఊడుస్తుంది. బాటిల్ డబ్బులు మాకు అవసరమే. కానీ ఆ డబ్బా కెలకడం ఆమెకు ఇష్టమా? అన్నంలో పడేసిన బ్లేడు గుచ్చుకుని వేలు వాస్తే ఇంజెక్షన్ వేయించుకుంది. వాడిన ప్యాడ్లు కాగితంలో చుట్టకుండానే పడేస్తారు. గ్లవ్స్ చిరిగితే మళ్లీ ఇవ్వరు. మీరు వేరు చేసి ఇస్తే ఆమె ఆ కుళ్లులో చెయ్యి పెట్టక్కర్లేదు, శుభ్రమైన సరుక్కి కబాడీలో రేటూ ఎక్కువొస్తుంది. వేరు చేయండి, అమ్ముకునే హక్కు వాళ్లకే ఉంచండి. రెండూ కలిపి అడగొచ్చు కదా సార్?

దమ్మాయిగూడ_వాసి:
సరిగ్గా చెప్పావు తమ్ముడూ.

స్కాలర్_తార్నాక:
అడగొచ్చు. కానీ చిప్స్ కవర్లు ఎవరు తీసుకోవాలి? ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి, కబాడీవాడు కొనడు. ఏజెన్సీ అయితే సిమెంటు ఫ్యాక్టరీకి ఇంధనంగా పంపుతామంటోంది. బాటిళ్లు, అట్టలు మనం తీసేసుకుని కవర్లు మాత్రం మోయమంటే వాళ్లెందుకు వస్తారు?

మెస్_కన్వీనర్:
అయితే కవర్లు మోసినందుకు యూనివర్సిటీయే డబ్బు కట్టాలి. అక్కల సంపాదన తీసి ఏజెన్సీకి కూలి ఇవ్వడం అన్యాయం.

చాయ్_కార్నర్:
ఆ డబ్బు మెస్ బిల్లులో కలుపుతారా?

మెస్_కన్వీనర్:
కలిపితే నేను ఒప్పుకోను. బాటిళ్లు, అట్టలు, కాగితం అక్కలవేనని రాతలో పడేదాకా నా సంతకమూ లేదు.

స్కాలర్_తార్నాక:
శుక్రవారం మీటింగ్‌కు అక్కలను కూడా పిలవమని వార్డెన్‌కు ఇప్పుడే మెయిల్ పెట్టాను. ఆ షరతు రాయిద్దాం. కానీ అది తేలేదాకా తడి డబ్బా ఆపమంటే మాత్రం కుదరదు. దానికి ఏజెన్సీతో పనే లేదు.