ముగ్గురు ఓనర్లు, మూడు మాటలు: మానేసే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న – బెజవాడ గుమాస్తా
విజయవాడలో ఒక కుటుంబం నడిపే హోల్‌సేల్ సంస్థ, పార్ట్‌నర్‌షిప్. టాలీ (కంప్యూటర్‌లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), క్యాష్ రెండూ నావే. సర్వీసు అయిదేళ్ళ ఏడు నెలలు. పెద్దాయన ఒకటి చెబితే చిన్నబాబు కొట్టేస్తారు, బామ్మర్దిగారు ఫోన్ చేసి ఫలానావాళ్ళకి డబ్బిచ్చెయ్యమంటారు. నెలాఖరున తేడా వస్తే తిట్లు నాకు, అదీ అందరి ముందు. గోడౌన్ షార్టేజీ నా జీతంలో కోస్తున్నారు. 18,000 బ్యాంకులో వేస్తారు, 7,000 చేతికిస్తారు. చేరినప్పుడు డిగ్రీ ఒరిజినల్స్, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు తీసుకున్నారు. మానేద్దామనుకుంటున్నాను. ఏది ముందు, ఏది తర్వాత?

జవాబు – లెక్కల మనిషి
రాజీనామా మాట ఇంకా ఎవరి చెవినా వెయ్యకండి. ముందు సర్టిఫికెట్లు. "నా ఒరిజినల్స్ మీ దగ్గరున్నాయి, కావాలండీ" అని వాట్సాప్‌లో అడగండి. "చూద్దాంలే" అన్నా, అవి వాళ్ళ దగ్గరున్నాయని చెప్పడానికి కొంత ఆధారం దొరుకుతుంది.

తర్వాత క్యాష్. మీకు అసలు ప్రమాదం అక్కడే. ఫోన్‌లో చెప్పి డబ్బు ఇప్పించినప్పుడల్లా వెంటనే ఒక లైను పంపండి: "మీరు చెప్పినట్టు ఫలానావారికి 12,000 ఇచ్చాను." వోచర్ మీద తీసుకున్నవాళ్ళ సంతకం, నేరేషన్‌లో (ఎంట్రీ కింద రాసే వివరంలో) ఇవ్వమని చెప్పినవారి పేరు ఉండాలి. టాలీలో మీకు వేరే యూజర్ ఐడీ ఉందా? అందరూ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ వాడుతుంటే, మీరు వెళ్ళాక పాత ఎంట్రీ మార్చినా అది మీ చేతి పనే అంటారు. ఎంట్రీ ఎవరు ఎప్పుడు మార్చారో నమోదు చేసే ఎడిట్ లాగ్ 2023 ఏప్రిల్ నుంచి కంపెనీలకే తప్పనిసరి, పార్ట్‌నర్‌షిప్‌లకి కాదు. చివరి రోజు క్యాష్‌బుక్ ప్రింట్ తీసి, 500లు ఎన్ని, 200లు ఎన్ని అని నోట్ల లెక్క దాని మీదే రాసి, ఒక పార్ట్‌నర్ చేత సంతకం పెట్టించుకోండి. ఆ కాగితం లేకుండా తాళాలు ఇవ్వొద్దు.

జవాబు – లేబర్ లా
గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం, వదులుకోకండి. పదిమంది పనిచేసే చోట వర్తిస్తుంది. ఆరు నెలలు దాటిన ముక్క పూర్తి ఏడాది కింద లెక్క, కాబట్టి మీది ఆరేళ్ళు. బ్యాంకులో వేసే 18,000 అంతా బేసిక్, డీఏ అయితే 18,000 × 15 ÷ 26 × 6, అంటే సుమారు 62,300. ముప్పై రోజుల్లో ఇవ్వాలి.

షార్టేజీ కోత విషయం: సరుకు మీకు అప్పగించి ఉండాలి, నష్టం మీ నిర్లక్ష్యం వల్లే రావాలి, కోసేముందు మీ సంజాయిషీ అడగాలి. గోడౌన్ తాళం వేరేవాళ్ళ దగ్గరుంటే ఆ కోత నిలవదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, మానేసిన రెండు పనిదినాల్లో బాకీ జీతం చెల్లించాలి. "ఆడిట్ అయ్యాక చూద్దాం" అంటే లేబర్ ఆఫీసుకి వెళ్ళండి.

జవాబు – చెక్కుల సంగతి
ఆ ఖాళీ చెక్కుకి డబ్బివ్వొద్దని బ్యాంకుకి చెప్పి స్టాప్ పేమెంట్ పెట్టేస్తే గొడవ వదిలిందనుకోవద్దు. దానివల్ల చెక్కు తిరిగొచ్చినా 138 కేసు (చెక్ బౌన్స్ కేసు) వేస్తారు, అకౌంట్ మూసేసినా అంతే. చెక్కు నంబరు రాసి, చేరినప్పుడు హామీగా ఇచ్చినది, బాకీ ఏమీ లేదు, తిరిగివ్వండి అని స్పీడ్ పోస్టులో లెటర్ పంపండి. ట్రాకింగ్ పేజీ ప్రింట్ తీసి దాచుకోండి. రేపు లాయర్ నోటీసు వస్తే 15 రోజులు దాటనివ్వకుండా జవాబివ్వాలి.

బెజవాడ గుమాస్తా
పీఎఫ్ లేదు. పనిచేసేది 24 మందిమి, పుస్తకాల్లో 14 మందే.

లేబర్ లా
ఇరవై మంది ఉంటే పీఎఫ్ కట్టాలి, అందుకే ఇరవైకి చేరకుండా రాసుకోవడం పాత ఎత్తే. హాజరు పట్టీ, జీతాల రోజు చేతిరాత లిస్టు, డ్యూటీ గ్రూపులో మెసేజీలు దొరికితే పీఎఫ్ ఆఫీసువాళ్ళే వచ్చి తలలు లెక్కపెడతారు. కానీ కంప్లయింట్ ఇప్పుడే పెట్టకండి, ఎవరు పెట్టారో గంటలో కనిపెట్టేస్తారు. సర్టిఫికెట్లు చేతికొచ్చాక పెట్టండి.

లెక్కల మనిషి
చేతికిచ్చే ఆ 7,000 తీసుకున్న రోజే బ్యాంకులో వేసుకోండి. నెలనెలా అదే తేదీకి అదే మొత్తం పడుతుంటే జీతం 25,000 అని చెప్పడానికి కొంత పట్టు దొరుకుతుంది.