ఈ మెలోదియా రికార్డు ఏ ఏడాదిదో తేల్చేదెలా?

మా నాన్నగారు మాస్కోలో చదువుకునే రోజుల్లో కొన్న మెలోదియా (సోవియట్ ప్రభుత్వ రికార్డుల కంపెనీ) ఎల్‌పీ ఒకటి అటక మీద దొరికింది. అన్నీ ఆర్కెస్ట్రా నాట్యాలే: బొరొదిన్ పొలొవెత్స్ నాట్యాలు, చైకోవ్‌స్కీ త్రెపాక్, ఖచతుర్యాన్ కత్తి నాట్యం. ఆ చివరిది మొదలైతే మా అమ్మ కూడా వంటింట్లోంచి తొంగిచూస్తుంది!

అట్ట మీద సంవత్సరం లేదు. లేబుల్ మీద ‘గోస్ట్ 5289-68’ అని ఉంది. అది సోవియట్ ప్రమాణం నంబరే; చివరి 68 ఆ ప్రమాణం వచ్చిన 1968ని చెబుతుంది కానీ రికార్డు తయారైన ఏడాదిని కాదు కదా. తర్వాతి ప్రమాణం 1973లో వచ్చింది కాబట్టి ఈ రెండింటి మధ్యదేనా? ఇంకా కచ్చితంగా తేల్చే దారి ఉందా?

ఇంకో బాధ. సరిగ్గా కత్తి నాట్యం దగ్గరే ముల్లు ముందుకు పోకుండా అక్కడక్కడే తిరుగుతోంది. గీత కనబడట్లేదు, మురికేనేమో. డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తటి గుడ్డ తడిపి తుడవొచ్చా? స్పిరిట్ వాడాలంటే భయంగా ఉంది.