గోదావరిలో వాలుగ చేప తగ్గిపోయిందా? మార్కెట్లో వచ్చేదంతా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్షేనా?

మాది రాజమండ్రి దగ్గర. చిన్నప్పుడు వాలుగ, జెల్ల, మార్పు చేపలన్నీ దొరికేవి, ఇప్పుడు మార్పు అడిగితే నల్లగా రెండు కిలోలది చూపిస్తున్నారు, అసలు ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి?

జవాబు 1: రెండు కిలోలంటే మార్పు కాదండి, అది అరకిలో దాటడమే అరుదు. మీకు చూపించింది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అయ్యుంటుంది. 2000లోనే కేంద్రం నిషేధించింది, అయినా చెరువుల్లో కోళ్ల వ్యర్థాలేసి దొంగచాటుగా పెంచుతున్నారు. వరదకి గట్టు తెగి నదిలో పడిందంటే మన చేపల్ని, చేపపిల్లల్ని మింగేస్తుంది.

జవాబు 2: వాలుగకి నాలుగే మీసాలు, నోరు కన్ను దాటి వెనక్కి చీలుంటుంది, వీపు రెక్క మరీ బుల్లిది. జెల్లకి ఎనిమిది మీసాలు, పక్కన ముళ్లు, గుచ్చుకుంటే చూస్కోండి ఇక 😀

జవాబు 3: తప్పంతా ఆఫ్రికన్‌దే అనకండి బ్రో. వాలుగ వానాకాలం కొత్త నీటికి ఎదురెక్కి, మునిగిన గడ్డి నేలల్లో గుడ్లు పెడుతుంది, అడ్డంగా ఆనకట్టలు, పైగా సన్నకన్ను వలలు, ఇంకెక్కడ మిగులుతుంది? ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) లిస్టులో కూడా ముప్పున్న జాతే. కనీసం జూలై, ఆగస్టుల్లో గుడ్లతో ఉన్నది కొనకుండా ఉందాం.

జవాబు 4: గుడ్ల పులుసు మానమంటే మా ఇంట్లో ఒప్పుకోరు గానీ, ట్రై చేస్తా