"ఎత్తుకు పై ఎత్తు", నాష్ ఈక్విలిబ్రియమ్: తెలుగు మాట కావాలి

పోస్టు:
గేమ్ థియరీ (ఒకరి ఫలితం ఎదుటివారి ఎత్తుల మీద కూడా ఆధారపడే పరిస్థితుల గణితం) పాఠం ఒకటి తెలుగు చేస్తూ నాన్‌కోఆపరేటివ్ గేమ్ దగ్గర ఆగిపోయాను. "సహాయ నిరాకరణ క్రీడ" అని రాసుకుని, చదివితే నాకే నవ్వొచ్చింది. ఆ మాట వింటే 1920 నాటి ఉద్యమమే గుర్తొస్తుంది. "అసహకార క్రీడ" అంటే ఆటగాళ్లు అలిగి కూర్చున్నట్టుంది. నాష్ ఈక్విలిబ్రియమ్‌కి, అంటే ఎవరూ తానొక్కడే వ్యూహం మార్చి బాగుపడలేని స్థితికి, "సమతాస్థితి" అని పెట్టాను గానీ మనసొప్పడం లేదు. మీరేమంటారు?

జవాబు:
అలగడం, పగబట్టడం అందులో లేవండీ. గేమ్ థియరీకి పునాది వేసిన, 1944లో వచ్చిన ఫాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్‌ల పుస్తకం ముగ్గురు, అంతకు మించి ఆడే ఆటల్లో ఎవరెవరు జట్టు కడతారన్నదే ప్రధానంగా చూసింది. 1951 వ్యాసంలో గణితజ్ఞుడు జాన్ నాష్ ఆ జట్లను పక్కనపెట్టి, ఎవరికి వారుగా ఆడితే ఏమవుతుందని అడిగాడు. ఇప్పటి వాడుకలో అసలు తేడా ఒకటే: ఇచ్చిన మాట మీద నిలబెట్టే బలం ఆట బయట ఏదీ ఉండదు. ఇద్దరు ఖైదీలు నోరు విప్పబోమని ముందే ఒట్లు పెట్టుకోవచ్చు. ఇద్దరూ ఆగితే చెరో ఏడాది, ఇద్దరూ పట్టిస్తే చెరో 5 ఏళ్లు, ఒక్కడే పట్టిస్తే వాడు ఇంటికి, రెండోవాడు 10 ఏళ్లు లోపలికి. ఇక ఆ ఒట్టు ఎంతసేపు నిలుస్తుంది? అందుకే "కట్టుబాటు లేని ఆట" అంటాను.

ఇంకొకరు:
కట్టుబాటు లేదంటే విచ్చలవిడి అనుకుంటారు మాస్టారూ. ఆటకు నియమాలు ఉంటాయి కదా, లేనిది ఒప్పందమే. "ఎవరికి వారే ఆట" నయం.
సమతాస్థితి మీద నాదీ అభ్యంతరమే. ఇరుకు వంతెన మీద రెండు బళ్లు ఎదురుపడ్డాయి. ఒకడు వెనక్కి తగ్గాడు, రెండోవాడు దర్జాగా దాటాడు. అదీ ఈక్విలిబ్రియమే, అందులో సమం ఎక్కడుంది? చదరంగం నుంచి వచ్చిన మాట మనకుంది: ఎత్తుకు పై ఎత్తు. ఎదుటివాళ్ల వ్యూహాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటే, ఎవరి దగ్గరా పై ఎత్తు మిగలని చోటే నాష్ చెప్పింది.
ఒక జాగ్రత్త. ఎత్తు వేరు, వ్యూహం వేరు. ఏ పరిస్థితి ఎదురైతే ఏం చేయాలో చివరిదాకా రాసిపెట్టుకున్నదే వ్యూహం. పద్మవ్యూహంలోకి వెళ్లడం తెలిసి రావడం తెలియని అభిమన్యుడిది, ఈ లెక్కన, సగం వ్యూహమే.

జవాబు:
బాగుంది గానీ, బొమ్మా బొరుసా ఆటలో పై ఎత్తు ఎప్పుడూ ఉంటుందే! చెరో నాణెం, ఎదుటివారికి కనబడకుండా, ఇష్టమొచ్చిన వైపు పైకి పెడదాం. రెండూ బొమ్మలైతే మీకు 3 పాయింట్లు, రెండూ బొరుసులైతే 1, కలవకపోతే నాకు 2; ఒకరికి వచ్చినన్ని రెండోవారికి పోతాయి. నేనేం పెడతానో తెలిస్తే మీరు కొడతారు, మీది తెలిస్తే నేను కొడతాను. ఎక్కడా ఆగదు. ఆగాలంటే పాళ్లు కలపాలి. నేను 8 సార్లకు 3 సార్లు చొప్పున, వరస దొరక్కుండా, బొమ్మ పెడతాననుకోండి. మీరు బొమ్మ పెడితే మీ సగటు 9/8 − 10/8. బొరుసు పెడితే 5/8 − 6/8. ఏది పెట్టినా ఆటకు 1/8 నాకే! (చూడ్డానికి సమానమైన పందెంలా ఉంది కదూ.) మీరూ అదే పాళ్లలో ఆడితే ఇద్దరికీ పై ఎత్తు ఉండదు. ఆటగాళ్లూ ఎత్తులూ లెక్కకు అందేన్ని ఉంటే, ఇలా పాళ్లు కలపనిస్తే, అలాంటి చోటు ఒకటైనా ఉండి తీరుతుందన్నదే నాష్ సిద్ధాంతం.
ఇప్పుడు చూడండి, మీ ముందున్న రెండు దారుల ఫలం సమమైంది. "సమ"ను అప్పుడే తరిమేయకండి.

పోస్టు పెట్టినవారు:
సరే, సమతాస్థితి ఉంచేస్తున్నాను. నిర్వచనం మాత్రం ఇలా: "తక్కినవారి వ్యూహాలు మారనంతవరకు ఏ ఒక్కరికీ పై ఎత్తు లేని స్థితి." శీర్షికలో "ఎవరికి వారే ఆటలు". ఇది పాఠంలో మరీ వాడుకగా ఉందనేవాళ్లు రాత్రిలోగా చెప్పండి, రేపు పొద్దున పంపేయాలి.