స్విచ్చింగ్ లాస్: స్పైస్ నమ్మాలా, డేటాషీట్ టేబుల్ నమ్మాలా?

కొత్తఇన్వర్టర్: 800 వోల్టుల బస్, 20 ఆంపియర్లు, 50 కిలోహెర్ట్జ్, సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్ స్విచ్. ఒక్కసారి ఆన్, ఆఫ్ అయినప్పుడు పోయే ఎనర్జీ (స్విచ్చింగ్ లాస్) కలిపి స్పైస్ సర్క్యూట్ సిమ్యులేటర్‌లో 310 మైక్రోజౌల్స్ వస్తోంది. డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) టేబుల్ ఎక్కించిన ప్లెక్స్ సిమ్యులేటర్‌లో 520. అంటే 15.5 వాట్లా, 26 వాట్లా? హీట్‌సింక్ దేన్ని బట్టి తీసుకోవాలి?

పాతచెయ్యి: టేబులే. డబుల్ పల్స్ టెస్ట్‌లో, అంటే స్విచ్‌కి రెండు పల్సులిచ్చి, నిజంగా కొలిచిన అంకెలవి. స్పైస్ మోడళ్లలో బాడీ డయోడ్ (మాస్‌ఫెట్ లోపలే ఉండే డయోడ్) రివర్స్ రికవరీ, అంటే ఆగేముందు కాసేపు వెనక్కి పారే కరెంట్, చాలాసార్లు సరిగ్గా ఉండదు, ఆన్ లాస్ తక్కువ చూపిస్తుంది.

నానోసెకను: ప్లెక్స్‌లో టైమ్‌స్టెప్ (లెక్కకీ లెక్కకీ మధ్య విరామం) ఎంత?

గేట్‌రెసిస్టర్: కొలిచింది ఎవరి బోర్డు మీద? గేట్ రెసిస్టర్ 2.5 ఓమ్స్ అని పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీరెంత పెట్టారండీ?

కొత్తఇన్వర్టర్: 10 ఓమ్స్. స్పైస్‌లో ట్రేస్ (బోర్డు మీది రాగి దారుల) ఇండక్టెన్స్ పెట్టలేదు.

పాతచెయ్యి: రెసిస్టర్ పెద్దదైతే స్విచ్ నెమ్మదిస్తుంది, లాస్ పెరుగుతుంది. అయితే 520 కూడా తక్కువే! నిరుడు మా దగ్గర ఒక కుర్రాడు స్పైస్ గ్రాఫ్ చూపించి చిన్న హీట్‌సింక్ వేయించాడు. ఎండాకాలం రాగానే ఫుల్ లోడ్‌లో ట్రిప్. కస్టమర్ చేత మాటలు పడింది నేను.

నానోసెకను: టైమ్‌స్టెప్ చెప్పరేం? 1 మైక్రోసెకను అయితే 30 నానోసెకన్ల ఎడ్జ్ (స్విచ్ మారే సమయం) ఎలా కనిపిస్తుంది?

గేట్‌రెసిస్టర్: కనిపించక్కర్లేదు బ్రో. ప్లెక్స్‌లో స్విచ్ ఒక్కసారిగా మారిపోతుంది. అప్పుడున్న వోల్టేజ్, కరెంట్, టెంపరేచర్ చూసి టేబుల్లోంచి ఎనర్జీ తీసుకుంటుంది.
పాతచెయ్యి గారూ, కుర్రాడి మీద కోపం మోడల్ మీద చూపిస్తే ఎలా? మీ కొలతలు మాత్రం నికార్సా? వోల్టేజ్, కరెంట్ కొలిచే రెండు ప్రోబుల మధ్య 5 నానోసెకన్ల తేడా వస్తే 800 ఇంటూ 20 ఇంటూ 5 నానో, 80 మైక్రోజౌల్స్ తప్పు.

పాతచెయ్యి: ఆన్‌లో తగ్గింది ఆఫ్‌లో పెరుగుతుంది, మొత్తం దాదాపు అంతే. ఆ మాత్రం తెలీకుండానే ప్రోబ్ పట్టుకున్నామా?

ఫెర్రైట్: టోపాలజీ (సర్క్యూట్ రకం) ఏంటని అడిగిన నాథుడు లేడు. జీరో వోల్టేజ్ స్విచ్చింగ్ (వోల్టేజ్ సున్నా అయ్యాకే ఆన్ చేయడం) అయితే ఆన్ లాస్ దాదాపు ఉండదు.

గేట్‌రెసిస్టర్: మీకు ల్యాబ్ ఉంది, కొలుస్తారు. మా చిన్న కంపెనీలో ప్రోబ్ అడిగితే "సిమ్యులేషన్ ఉందిగా" అంటారు. బోర్డు వేయకముందే లేఅవుట్ తేల్చాలి నేను. టేబుల్ చూసి లేఅవుట్ ఎలా తేల్చను?

పాతచెయ్యి: అలా చెప్పండి మరి! రెండు లేఅవుట్లు పోల్చుకోడానికి స్పైస్ వాడుకోండి, ఎవరొద్దన్నారు? ఆ అంకె మీద హీట్‌సింక్‌కి సంతకం పెట్టమంటేనే పెట్టను. ప్రోబ్ లేకుండా నెట్టుకురావచ్చని మీ సార్లకు అలవాటు చేసింది మీలాంటివాళ్లే.

గేట్‌రెసిస్టర్: ఉద్యోగం మీరిప్పిస్తారా?

కొత్తఇన్వర్టర్: బూస్ట్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్) అండీ, హార్డ్ స్విచ్చింగే, వోల్టేజ్ ఉండగానే ఆన్ అవుతుంది. పై డయోడ్ సిలికాన్ కార్బైడ్ షాట్కీ.

పాతచెయ్యి: ముందే చెప్పాలి కదయ్యా! షాట్కీకి రివర్స్ రికవరీ దాదాపు ఉండదు. మీ టేబుల్ బాడీ డయోడ్‌తో కొలిచిందేమో చూడండి. కొన్ని డేటాషీట్లలో బయటి డయోడ్‌తో కొలిచిన వరస విడిగా ఉంటుంది. అది తీసుకుని, గేట్ రెసిస్టర్ గ్రాఫ్‌లో 10 ఓమ్స్ దగ్గర చదివి టేబుల్ మార్చండి.